నీటిగండము



నేను సముద్రమును కన్నులార చూచినది నా జీవితమున రెండే పర్యాయములు. మా హిందూపురమునకు చేరువనే పారు పెన్నయేటిలో నీటికంటె ఇసుక కనబడు దినములే యెక్కువ. అట్టి నేను సముద్రగర్భమున దిగువారిని గూర్చి వ్రాయబూనుట చూచి మీకు నవ్వు రావచ్చును. అయినను ఇరువదియైదేండ్లుగా నా మనస్సున ముల్లువలె నాటుకొనియున్న యొక విషయము వారి మూలముననే బయటపడినది గనుక, వారితోనే మొదలుపెట్టుచున్నాను.

గత వేసవిలో మా అన్నగారి కుమారుడు బెంగళూరునుండి మా యింటికి వచ్చెను. అత డచ్చట కంప్యూటరు కొలువున నున్నాడు. సెలవు దొరికినప్పుడెల్ల కర్ణాటకమున మురుడేశ్వరమునకు పోయి, పడవమీద నేత్రాణి యను దీవిని చేరి, వీపున గాలి సిలిండరు కట్టుకొని సముద్రములో మునిగి వచ్చునట. దీనినే స్కూబా డైవింగు అందురు. మన విశాఖపట్టణమున రుషికొండ కడ కూడ ఈ విద్య నేర్పువా రున్నారని చెప్పెను. ఆ మాట విన్నంతనే నా గుండె జల్లుమన్నది.

"ఎందుకు నాయనా ఈ సాహసం? పెళ్లి కావలసినవాడివి" అంటిని.

అతడు నవ్వి, తన సంచినుండి కొన్ని కాగితములు తీసి నా చేతి కిచ్చెను. "అత్తా, ముందు ఇవి చదువు. నీళ్లలోకి దిగకముందు మేము చదివేది ఇవే. అన్నీ ప్రమాదాల కథలే" అనెను.

నాకు ఆంగ్లము స్వల్పముగా వచ్చును. చిన్ననాట మా తాతగారు భారత భాగవతములు చదివించిరే గాని యింగ్లీషు బడికి ఎక్కువగా పంపలేదు. మావారు బడిపంతులు గనుక కఠినమైన చోట్ల అర్థము చెప్పిరి. ఆ కాగితములు బ్రిటిషు సబ్ ఆక్వా క్లబ్బువారు ఏటేట ప్రకటించు ప్రమాద నివేదికలోనివి. వానిలో ఎవరి పేర్లును లేవు. ఎవరిది తప్పని తీర్పును లేదు. ఎందరు దిగిరి, ఎంత లోతునకు పోయిరి, మొదట ఏమి చెడినది, తరువాత ఏమి చేసిరి, కడపట ఏమయ్యెను అని వరుసగా చెప్పబడియుండును. అమెరికాలో 1980లో స్థాపింపబడిన డైవర్స్ అలర్ట్ నెట్‌వర్కువారును ఇట్లే ప్రమాదములను సేకరించి, పరిశీలించి, అందరికి తెలియజేయుదురట. చచ్చినవారి కథలు చదివి బ్రదుకు నేర్చుకొను ఈ పద్ధతి నాకు మొదట వింతగా తోచెను. చదివినకొలది ఆ వింత పోయి గౌరవము కలిగెను.

ఆ విద్యలోని యపాయము లెట్టివో కొంచెము చెప్పెదను. నీటిలో పది మీటర్లు, అనగా ముప్పదిమూడడుగులు దిగినంతనే మనమీది ఒత్తిడి రెట్టింపగును. ఆ లోతున సిలిండరునుండి నిండుగా పీల్చిన గాలిని బిగబట్టి పైకి వచ్చినచో, పైకి చేరునప్పటికి అది రెండింతలు కాజూచును. అంత గాలికి ఊపిరితిత్తులలో చోటు లేదు. అవి చినుగును. నాలుగైదడుగుల లోతునుండి వచ్చినను ఈ ముప్పు కలుగవచ్చునట. భయము కలిగినప్పుడు ఊపిరి బిగబట్టి పైకి ఎగబ్రాకుట మనుష్య స్వభావము. సిలిండరుతో దిగినవానికి ఆ స్వభావమే మృత్యువు. కావున వారికి నేర్పు మొదటి పాఠము, నీటిలో ఎన్నడును ఊపిరి నిలుపరాదని.

రెండవది, పైకి త్వరగా రారాదు. లోతున మన రక్తమున కరగిన నత్రజని, గోలీసోడా కాయను కొట్టినప్పుడు నురుగు పొంగినట్లు, ఒక్కమారుగా బుడగలై కీళ్లయందును మెదడునందును చిక్కుకొనును. హాల్డేను అను స్కాట్లండు శాస్త్రజ్ఞుడు మేకలను గాలి గదులలో నుంచి పరీక్షించి, ఎంత లోతునుండి ఎంత మెల్లగా రావలెనో తెలుపు పట్టికలను 1908లో ప్రకటించెను. కూస్తో, గాన్యాఁ అను ఫ్రెంచివారు 1943లో నేటి గాలి యంత్రమును కూర్చుటకు ముప్పదియైదేండ్ల ముందే ఈ జ్ఞానము సిద్ధమైనది.

నన్ను మిక్కిలి కదలించిన దింకొక సంగతి. స్కూబాకు పోవువారు నీటిలో మునుగుటకు సీసపు దిమ్మల పట్టీ నడుమునకు కట్టుకొందురు. ఆపద వచ్చినప్పుడు దానిని ఒక్క లాగున ఊడదీసి విడిచినచో పైకి తేలవచ్చును. కాని ప్రాణములు పోయినవారిని వెలికి దీసి చూచినప్పుడు, తరచుగా ఆ పట్టీ నడుముననే యుండునట. రక్షణ చేతికందునంత దూరముననే యున్నది. చేయి అచ్చటికి పోలేదు. ఈ వాక్యము చదివి నేను కాగితములు మూసివేసితిని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కారణము ముందు చెప్పెదను.

షెక్ ఎక్స్‌లీ అను అమెరికా దేశస్థుడు నీట మునిగిన గుహలలో ఈదుటయందు ప్రసిద్ధుడు. అట్టి గుహలలో అనేకులు చనిపోవుచుండగా, అతడు ఒక్కొక్క మరణమును విడివిడిగా పరిశీలించి 1979లో ఒక చిన్న పుస్తకము వ్రాసెను. బయటిదాక తెగని త్రాడు పట్టుకొనియే పోవలెను. గాలిలో మూడవవంతు పోవుటకు, మూడవవంతు వచ్చుటకు వాడి, మిగిలిన మూడవవంతు ఆపదకు దాచవలెను. మితిమీరిన లోతునకు దిగరాదు: ఇట్టి నియమములు ఆ పరిశీలనమునుండియే తేలినవి. అవి ఎందరి ప్రాణములనో కాపాడినవి. ఆ ఎక్స్‌లీయే 1994లో మెక్సికోలో ఒక మహాగాధమైన నీటిగుండమున దిగి మరణించెను. పాఠము తెలిసినవారిని గూడ నీరు క్షమింపదని దీనివలన తెలియుచున్నది.

ఇది చదువుచుండగా నాకు అరణ్యపర్వములోని యక్షప్రశ్నల ఘట్టము జ్ఞప్తికి వచ్చెను. దప్పిగొన్న అన్నదమ్ములకు నీరు తెచ్చుటకై మొదట నకులుడు కొలనికి పోయెను. "నా ప్రశ్నలకు ప్రత్యుత్తరము చెప్పి త్రాగు" మను మాట విని, లెక్కచేయక త్రాగి పడిపోయెను. పిమ్మట సహదేవుడు వచ్చి, పడియున్న సోదరుని చూచెను, దుఃఖించెను, త్రాగెను, పడెను. అర్జునుడును అంతే. భీముడును అంతే. వారు తెలివిలేనివారు కారు, పిరికివారు కారు. ఎదుట శవమువలె పడియున్నవానిని చూచియు, వీడెట్లు పడెనని యడుగలేదు, అంతియే. ధర్మరాజొక్కడే నిలిచి, ఆలోచించి, ప్రశ్నకు సమాధానము చెప్పినాడు. అందువలన తాను బ్రదుకుటయే గాక, పడినవారిని గూడ లేపుకొన్నాడు. చిన్ననాడు దీనిని ధర్మజుని విద్వత్తునకు నిదర్శనముగా చదివితిని. ఇప్పుడు చూడగా, ఆ ఘట్టమునందలి ధర్మము త్రాగకముందు నిలుచుటయందే యున్నది.

ఇక నా కథ చెప్పెదను. ధర్మవరమునకు ఆమడ దూరమున మా పుట్టినూరు. నాకు పండ్రెండేండ్ల వయస్సున మా చిన్నాన్నగారి కుమారుడు, తొమ్మిదేండ్లవాడు, మా చేని బావిలో పడి పోయినాడు. వానిని రక్షింప దూకిన యువకుడును పోయినాడు. ఊరివారు, "ఆ బావికి గండమున్నది, గంగమ్మ ఇద్దరిని తీసికొన్నది" అనిరి. పెద్దలు, "వ్రాత" అనిరి. బావికి కంపకొట్టి మూసివేసిరి. అటుపైన మా యింట ఆ పిల్లవాని పేరు పలికినవారు లేరు.

నేను ఆనాడు ఆ బావి గట్టున నుంటిని. ఆ సంగతి అందరికి తెలియును. కాని నన్నెవ్వరును ఏమియు అడుగలేదు. నేనును చెప్పలేదు. ఇప్పుడు ఆ నివేదికల పద్ధతిని, పేర్లు లేక, నిందలు లేక, చెప్పుచున్నాను.

వానలు బాగుగా కురిసిన యేడు. దిగుడుబావి, నీరు మూడవ మెట్టుదాక నిండియున్నది. ఆ మూడవ మెట్టు రాయి కదలుచుండెను, పాచి పట్టియుండెను. ఆ సంగతి చేనికి పోవు వారందరికి తెలియును. పిల్లవాడు ఇత్తడి చెంబుతో దిగి, కాలు జారి పడెను. వాడు కేక వేయలేదు. నోరు నీటిమట్టమున తేలుచు మునుగుచుండగా, చేతులతో నీటిని అదుముచుండెను. ఆటలాడుచున్నాడని తలచితిని. తరువాత నేను కేకవేసితిని. ప్రక్క మడిలోనున్న యువకుడు పరుగెత్తుకొనివచ్చి, నిలువక, ఎదురుగా దూకెను. అతనికి ఈత వచ్చును. కాని పిల్లవాడు రెండు చేతులతో అతని మెడను కౌగిలించుకొనెను. ఇద్దరును మునిగిరి. తేలిరి. మరల మునిగిరి. పెద్దవారు వచ్చి తీయునప్పటికి పావుగంట దాటియుండును. తీసిన పిదప పిల్లవాని కాళ్లు పట్టుకొని గిరగిర త్రిప్పిరి, పొట్ట నొక్కిరి. ఊపిరి ఊదినవారు లేరు.

మోటారును బావిలోనికి దించుటకు తెచ్చిన మోకు ఒకటి గట్టుమీద చుట్టగా పడియుండెను. అది నా కాలి చెంతనే యున్నది. దాని యొక కొనను విసరవలెనని నాకు తోచలేదు. ఇరువదియైదేండ్లుగా నేను ఎవరికిని చెప్పనిది ఇదియే. నడుముననే యుండి విడువబడని ఆ సీసపు పట్టీని గూర్చి చదివి నిద్రలేక యుండుటకు కారణము ఇదియే.

మరునాటి ఉదయమున మావారితో సర్వము చెప్పితిని. వారు కొంత తడవు మాటలాడక, "మీ పిన్నిగారికి చెప్పినావా?" అని మాత్రమడిగిరి.

ఆ వారమే హిందూపురమున రైలెక్కితిని. నడుమ పెనుకొండలో దిగి అత్తవారింట ఒక రాత్రి యుంటిని. మా అత్తగారు నా ముఖము చూచి యడుగగా ఆమెతోను చెప్పితిని. "పోమ్మా, చెప్పేసి రా. వాళ్లు తిట్టినా మంచిదే" అని దీవించి పంపిరి. ధర్మవరమున పిన్ని ఇల్లు మగ్గముల వీథిలో నున్నది. నేను పోవునప్పటికి ఆమె పట్టునూలు కండెలకు చుట్టుచుండెను. నేను చెప్పుచున్నంత సేపును ఆమె చేయి ఆగలేదు. మోకు మాట వచ్చినప్పుడు ఆగినది.

"ఆ పొద్దున వాణ్ణి బావికాడికి పంపింది నేనే తల్లీ" అన్నది. "చెంబు తోముకొని రారా అని కోప్పడి పంపినా. ఆ మాట మీ చిన్నాన్నకు కూడా నేను ఇన్నాళ్లూ చెప్పలే. ఆ రాయి కదులుతుందని ఆయనకు తెలుసు, సరిచేయించలేదని ఆయన బాధ ఆయనది. ఎవరికి వాళ్లం తలా ఒకటి మోసుకొని తిరిగినాం."

కొంతసేపైన పిమ్మట మరల, "ఆ మోకు అంతమందికీ కనబడుతూనే ఉండె గదా! పండ్రెండేండ్ల పిల్లకు తోచలేదంటే తప్పేముంది? తోచేటట్టు ఎవరన్నా చెప్పి ఉండాల్సింది" అన్నది.

అమ్మలారా, ఆ వాక్యమే ఈ వ్యాసమునకంతకు సారము. ఆమె ఒక్క పుస్తకమైనను చదువక, ఆ నివేదికల సారమును చెప్పినది. ఆపద్సమయమున బుద్ధి పుట్టదు; ముందుగా నేర్చినదే చేతికి వచ్చును.

దూకి ప్రాణములు విడిచిన ఆ యువకుని తల్లికి గూడ చెప్పవలెనని యిద్దరమును అనుకొంటిమి. విచారింపగా ఆమె మూడేండ్ల క్రిందట గతించినదని తెలిసినది. తన కుమారుడు ఈత రాక చచ్చెనని లోకులు అనుచుండగా ఆమె విని బాధపడెడిదట. అతనికి ఈత వచ్చునని, మెడ చిక్కినందున మునిగెనని చెప్పగల మనిషిని నేను. నేను నోరు మెదపలేదు. ఈ యపరాధము దిద్దుటకు వీలులేనిది.

మన సీమలో ఈ సంగతి నేడు మఱింత అవసరమైనది. అనంతపురపు మండలమున ఏటికి సుమారు 550 మిల్లీమీటర్లే వాన. మా తండ్రుల నాడు మగపిల్లలు నడుమునకు ఎండిన సొరబుర్ర కట్టుకొని బావులలో ఈత నేర్చెడివారు. బావులు ఎండి బోర్లు వచ్చిన పిదప ఆ నేర్పు పోయినది. ఇప్పుడు హంద్రీనీవా కాలువద్వారా కృష్ణాజలము మా కడకు వచ్చుచున్నది. పెనుకొండ చెంత గొల్లపల్లి జలాశయము నిండుచున్నది. 2021 నవంబరున చిత్రావతి పొంగి, పదిమంది నడుమ చిక్కుకొనగా వాయుసేన హెలికాప్టరు వచ్చి వారిని కాపాడవలసివచ్చెను. నీరు వచ్చినది, నీటితో బ్రదుకు తెలివి పోయినది. కఱవు సీమ బిడ్డలకు నీటిగండమేమి యనుకొనరాదు. నీటి నెరుగని బిడ్డలకే అది యెక్కువ.

మన పెద్దలు దోషములను లెక్కించుట నెఱుగనివారు కారు. పెనుకొండకు నీరు తెచ్చుటకై పెన్నయేటినుండి కాలువ త్రవ్వించిన సంగతిని 1388 నాటి శాసనము చెప్పుచున్నది. అంతకు ముందటి 1369 నాటి పోరుమామిళ్ల శాసనము చెరువునకు పండ్రెండంగములను, ఆరు దోషములను వరుసగా నెన్నినది. కట్టనుండి నీరూరుట ఆ దోషములలో నొకటి. తెగిన కట్టల కడ నిలిచి, ఇది యేల తెగెనని యడిగిన గాని ఇట్టి పట్టిక దొరకదని నా తలంపు. రాతిమీద చెక్కించునంత విలువ వారు దానికిచ్చిరి. మనము కంపకొట్టి మూసివేయుచున్నాము.

ప్రపంచ ఆరోగ్య సంస్థవారి లెక్కప్రకారము 2021లో నీట మునిగి మరణించినవారు సుమారు మూడు లక్షలమంది. మన దేశమున 2022లో 38 వేలకు పైగా పోయిరి. ఐక్యరాజ్యసమితివారు 2021లో తీర్మానించి, జూలై 25వ తేదీని ఈ మరణములను నివారించు దినముగా నేర్పరచిరి. మన యిండ్లలో ఆ దినమున పిల్లలకు ఈ క్రింది మాటలు చెప్పినను చాలును.

మునుగువాడు కేకవేయడు. నోరు నీటితో నిండుచుండగా కేక ఎక్కడిది? సద్దు లేకుండ, నిలువుగా, చేతులతో నీటిని అదుముచున్న బిడ్డ ఆడుకొనుచున్నాడని తలపరాదు. నిమిషము లోపలనే మునిగిపోవచ్చును.

మునుగువాని కడకు దూకరాదు. మొదట ఏదైన అందింపవలెను: కఱ్ఱ, మోకు, మనము కట్టుకొన్న చీర. అందనిచో, మూతబిగించిన ఖాళీ నీళ్ల క్యాను విసరవలెను. గట్టున బోర్లపడుకొనియో, చెట్టును పట్టుకొనియో లాగవలెను. నేర్పుపొందినవారు తప్ప నీటిలోనికి దిగరాదు. ప్రేమతో దూకుట త్యాగమే యైనను, ఒక్క శవమునకు రెండగుటకు తరచుగా నదియే కారణము.

పాడుబావిలో ఒకడు సొమ్మసిల్లినచో, వెంటనే రెండవవాడు దిగరాదు. అచ్చట విషవాయువుండవచ్చును. దీపము దింపి చూచుట పూర్వాచారము. దీపమారినచో గాలి చెడినట్లే. వెలిగినంతమాత్రమున అన్ని విషములును లేవని నమ్మరాదు. అగ్నిమాపక దళమువారిని పిలువవలెను.

వెలికి తీసిన బిడ్డను త్రిప్పరాదు, పొట్ట నొక్కరాదు. వెల్లకిల పరుండబెట్టి, ఊపిరి లేనిచో నోటితో ఊపిరి ఊది, రొమ్ము నడుమ నిమిషమునకు నూఱు మొదలు నూటయిరువది మారులు నొక్కవలెను. ముప్పది నొక్కులకు రెండు ఊపిరులు. ఒకరు ఇది చేయుచుండగా ఇంకొకరు 108కి ఫోను చేయవలెను. ఈ పనిని చూచి, చేసి నేర్చుకొనుట మేలు.

పడవ యెక్కునప్పుడు తేలు చొక్కా అడిగి తొడిగించుకొని, దిగువరకు విప్పరాదు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు కడ విహారపు పడవ మునిగి సుమారు ఏబదిమంది పోయినారు. ధర్మాడి సత్యం గారి బృందమువారు పలుమారులు యత్నింపగా, ఆ పడవ అక్టోబరు 22న గాని పైకి రాలేదు. పోయినవారిని గూర్చి కన్నీరు కార్చితిమి. ఇకమీదట పడవ యెక్కునప్పుడు చొక్కా లేనిదే కాలు పెట్టనని పట్టుపట్టుటయే ఆ కన్నీటికి సార్థకత.

అన్నిటికంటె ముఖ్యమైనది, ప్రమాదమైన యింట మాటలాడుట. దుఃఖము చల్లారిన పిమ్మట, "ఎవరి తప్పు?" అని కాక, "ఎట్లు జరిగినది?" అని యడుగుడు. చూచిన పిల్లను దగ్గర కూర్చుండబెట్టుకొని యడుగుడు. ఆ పిల్ల ఏమి మోయుచున్నదో మీ కెఱుక లేదు. "వ్రాత" అను మాట కొందఱకు ఓదార్పు కావచ్చును. కాని అది ఆ కదలు రాతిని సరిచేయదు.

మా మేనల్లుడు ఇప్పుడును నేత్రాణికి పోవుచునే యున్నాడు. నాకు భయము పోలేదు. కాని పోవుమని చెప్పుచున్నాను, వచ్చిన పిదప, "ఈ మారు ఏమి తడబడితివి?" అని యడుగుచున్నాను. దాచక చెప్పుచున్నాడు. మా పిల్లవానికి ఈత నేర్పుటకు వాడే మొదలుపెట్టినాడు.

మొన్న నేనును పిన్నియు మా ఊరికి పోయితిమి. చిన్నాన్నగారు ఆ పాతబావి మెట్ల కడ ఇనుప కమ్మీ వేయించి, కదలు రాతిని తీయించి, కంప తొలగించినారు. గట్టున నున్న కానుగచెట్టునకు ఒక క్రొత్త మోకును, మూతబిగించిన రెండు ఖాళీ క్యానులను కట్టితిమి. చేనికి పోవు పిల్లలందరను పిలిచి, అది దేనికో చెప్పి, ఒక్కొక్కరిచేత ఒక్కొక్క మారు విసరించితిమి. చెట్టునకు ముడివేసినది పిన్ని.